ఇబ్రహీం కుతుబ్ షా తినని సలాడ్

మొన్న ఆదివారం ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వంటగది నా చేతికొచ్చింది. ఆఫీసు క్యాంటీన్లో "ట్రాపికల్ ఫ్యూజన్ సలాడ్" అని పేరు పెట్టి 220 రూపాయలకి అమ్ముతుంటే, ఇందులో ఏముంది, మనమే చేసేద్దాం అనుకున్నాను. కీరదోస, క్యారెట్, ఉల్లిగడ్డ, టమాటా సన్నగా తరిగాను. దోరగా పండిన బొప్పాయి, అనాస, జామకాయ ముక్కలు కలిపాను. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు, ఒక పచ్చిమిరపకాయ, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నిమ్మరసం. అంతే.

మా నాయనమ్మ గిన్నెలోకి తొంగిచూసి "పండ్లల్ల ఉల్లిగడ్డ ఏస్తరా ఎవలన్న? ఇది మన తిండి కాదు బిడ్డా" అనేసింది.

ఎనభై దాటిన మనిషితో వాదించే ధైర్యం నాకు లేదు. కానీ ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఇంతకీ మన తిండి అంటే ఏది?

గిన్నెలో ఉన్నవాటి పుట్టిళ్లు వెతుకుతూ కూర్చున్నాను. కీరదోస మనదే, హిమాలయాల దిగువన పుట్టింది. పెసలూ మనవే. నిమ్మ కూడా మన ఈశాన్యం వైపుదే అంటారు. ఉల్లి, క్యారెట్ మధ్య ఆసియా, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి దిగాయి. ఇక మిగిలినవి: టమాటా, బొప్పాయి, అనాస, జామ, పల్లీలు, ఆఖరికి పచ్చిమిరపకాయ. ఇవన్నీ అమెరికా ఖండాలవి. 1492లో కొలంబస్ అటు వెళ్లేదాకా వీటిలో ఒక్కదాన్ని కూడా మన ముత్తాతలు ఎవరూ చూసి ఉండరు. అనాసని కొలంబస్ మనుషులు మొదటిసారి తిన్నది 1493లో, గ్వాడెలూప్ దీవిలో.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరూ, ఊరికి ప్రాణంలాంటి పెద్ద చెరువూ 1550 నుంచి 1580 దాకా గోల్కొండని ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదివి. హుస్సేన్ సాగర్ కట్టింది కూడా ఆయన కాలంలోనే, 1562లో. గద్దె ఎక్కకముందు అన్నకి భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడో ఏమో, తర్వాత తెలుగు కవులు ఆయన్ని "మల్కిభరాముడు" అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అలా పిలిపించుకున్న మనిషే 1565లో రామరాయల మీదికి యుద్ధానికి వెళ్లిన సుల్తానుల్లో ఒకడు. చరిత్ర ఇలాగే ఉంటుంది మరి.

తెలుగు రుచి అన్నాను కాబట్టి అడుగుతున్నాను, ఆ ఏడేళ్లలో ఆయన మిరపకాయ తిన్నాడా? తినే అవకాశం ఉంది. పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. 1564లో కన్నుమూసిన పురందరదాసు మిరపకాయ మీద ఒక కీర్తన కట్టాడని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ రాశారు. అంటే విజయనగరం వైపు అప్పటికే కారం మొదలైందన్నమాట. అంతకు వందేళ్ల పైచిలుకు ముందున్న శ్రీనాథుడికి మాత్రం ఆ యోగం లేదు. మిరియాలతో సరిపెట్టుకున్నాడు పాపం :)

నాకు వీటన్నిటికంటే నచ్చింది పేర్ల సంగతి. కొన్నింటిని మనం అసలు పేరుతోనే దించుకున్నాం. అనాస అనేది బ్రెజిల్‌లోని తుపీ భాష మాట, పోర్చుగీసు నోట్లోంచి మన నోట్లోకి వచ్చింది. టమాటా, సపోటా మెక్సికోలోని నాహువాత్ల్ మాటలు. మరికొన్నింటిని మాత్రం మన ఫోల్డర్లో వేసుకుని రీనేమ్ కొట్టేశాం. మిరియంలా ఘాటుగా ఉంది కాబట్టి మిరప. జొన్నలాంటిది కాబట్టి మొక్కజొన్న. నేలలో కాసే శనగ కాబట్టి వేరుశనగ. జీడిమామిడి, సీమచింత కూడా ఇదే బాపతు. సీతాఫలానికైతే ఏకంగా సీతమ్మ పేరే పెట్టేశాం. భర్హుత్ శిల్పాల్లో సీతాఫలం ఉందని కన్నింగ్‌హామ్ అన్నాడు కానీ, అది అమెరికా చెట్టే అని వృక్షశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది మాట. నా ఓటు వాళ్లకే.

ఆమాటకొస్తే మనం ఏటా దేవుడి ముందు పెట్టే ఉగాది పచ్చడి ఏమిటి? వేపపువ్వు, మామిడి మనవి. చింతపండు ఎన్నో వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చింది. మిరపకాయ అమెరికాది. కొందరిళ్లలో ఇప్పటికీ మిరియాల పొడే వేస్తారు, బహుశా అదే పాత పద్ధతి. కూరగాయా పండూ కలపకూడదు అనేవాళ్లకి, శ్రీరామనవమి వడపప్పులో కీరదోస, మామిడి తురుము పక్కపక్కనే ఉంటాయని గుర్తుచేయాలి.

చేయాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. నేను మొదటిసారి చిక్కదనం కోసం పెరుగు కలిపాను. కాసేపటికే చేదెక్కిపోయింది. పచ్చి అనాస, బొప్పాయిలలో ఉండే ఎంజైములు పాల ప్రోటీన్లని విరగ్గొడతాయట. ఉప్పు కూడా తినేముందే వేయాలి, లేకపోతే కీరదోస నీళ్లొదిలి గిన్నె చెరువైపోతుంది.

చెరువంటే గుర్తొచ్చింది. నా ఇంజనీరింగ్ రోజుల్లో బస్సు కిటికీలోంచి చూస్తే పెద్ద చెరువులో నీళ్లకంటే తుమ్మచెట్లే ఎక్కువ కనపడేవి. 2022 వానలకి మళ్లీ నిండి అలుగు పారింది, ఊరంతా చూడ్డానికి వెళ్లాం. కానీ కింద పారించుకోడానికి పొలాలేవి? ఆదిబట్లలో ఐటీ క్యాంపస్, విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాక భూమి రేట్లు ఎక్కడికో పోయాయి. బాబాయి టమాటా వేసిన మడి ఇప్పుడు ఒక వెంచర్‌లో మూడు ప్లాట్లు. ఆ రేట్లు పెంచినవాళ్లలో నాలాంటి జీతగాళ్లమూ ఉన్నాం, కాదనను. మెక్సికో టమాటా ఈ మట్టిలో మూడు తరాలు కాసి మా ఇంటిదైపోయింది. మొన్న సలాడ్‌లో వేసింది మాత్రం సూపర్ మార్కెట్‌లో కొన్నది, ఏ ఊరిదో స్టిక్కర్ మీద కూడా లేదు.

నాయనమ్మకి ఇదంతా చెప్పాను. సగం వింది. నా గిన్నెలోంచి ఉల్లిగడ్డ ముక్కలు ఏరి పక్కన పెట్టి, రెండు చెంచాలు తిని, "మంచిగనే ఉంది గని సప్పగుంది. మిరపకాయ ఇంకోటి ఏయరాదు" అంది.