ప్రాణరక్షణ చాటున నాడీ నష్టం: ఐ.సి.యు. చరిత్రలో ఒక ఆలస్యపు గుర్తింపు

ఇంటెన్సివ్ కేర్ యూనిట్ (ఐ.సి.యు.) చరిత్రను సాధారణంగా యంత్రాల విజయగాథగా చెబుతారు. అయితే ఆ విజయమే ఒక కొత్త నాడీ రుగ్మతను వెలుగులోకి తెచ్చిందని, దానిని స్పష్టంగా నిర్వచించడానికి మూడు దశాబ్దాలు పట్టిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో వరుసగా మరణిస్తున్న తరుణంలో, మత్తువైద్య నిపుణుడు బియోర్న్ ఇబ్సెన్ శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతిని ప్రవేశపెట్టారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా ఆ సంచులను నొక్కారు. మరుసటి ఏడాది ఆయన అదే నగరంలో ఐ.సి.యు.ను నెలకొల్పారు.

పోలియో రోగికి నాడీ నష్టం ఆసుపత్రికి రాకముందే జరిగింది. తరువాతి దశాబ్దాలలో సెప్సిస్ వంటి వ్యాధుల నుండి బయటపడినవారి స్థితి వేరు. ఇన్ఫెక్షన్ తగ్గినా వారిలో కొందరు కాళ్లూ చేతులూ కదపలేకపోయారు. వెంటిలేటరు తీస్తే సొంతంగా ఊపిరి పీల్చలేకపోయారు. 1984లో కెనడాలోని లండన్ నగరానికి చెందిన చార్లెస్ బోల్టన్ బృందం అటువంటి ఐదుగురు రోగుల వివరాలను ప్రచురించింది. విద్యుత్ పరీక్షలలో వారి నాడీతంతువులే క్షీణించినట్లు తేలింది. ఇదే ‘క్రిటికల్ ఇల్‌నెస్ పాలీన్యూరోపతి’. మంచాన పడినవారికి సహజమైన నీరసంగా తోచే స్థితికి ఆ విధంగా ఒక వ్యాధి నామం ఏర్పడింది.

మెదడు విషయంలోనూ గుర్తింపు ఆలస్యమైంది. తెలుగువారు ‘సంధి’ అని వ్యవహరించే డెలీరియం, గొంతులో గొట్టం ఉన్న రోగిలో ప్రేలాపనగా వినబడదు. అలజడి లేని రోగిని ప్రశాంతంగా ఉన్నట్లు పొరబడే అవకాశం ఎక్కువ. 2001లో వెస్లీ ఈలీ బృందం మాట్లాడలేని రోగులకు సైతం వర్తించే పరీక్షా విధానాన్ని రూపొందించింది. నిర్దిష్టమైన అక్షరం వినబడినప్పుడు చేయి నొక్కమని అడిగి రోగి ఏకాగ్రతను అందులో పరీక్షిస్తారు.

గుర్తింపుతోపాటు చికిత్సా దృక్పథమూ మారింది. 2000లో జాన్ క్రెస్ బృందం 128 మంది రోగులపై జరిపిన పరిశోధనలో, మత్తుమందును రోజూ కొంతసేపు నిలిపివేసినవారు వెంటిలేటరుపై గడిపిన మధ్యస్థ కాలం 7.3 రోజులకు బదులు 4.9 రోజులే. నిరంతర మత్తు రోగికి మేలేనన్న భావనను ఈ ఫలితం ప్రశ్నార్థకం చేసింది. 2009లో విలియం ష్వైకర్ట్ బృందం, వెంటిలేటరుపై ఉండగానే వ్యాయామ చికిత్స ప్రారంభిస్తే డెలీరియం రోజులు తగ్గుతాయని, సొంత పనులు చేసుకోగల స్థితిలో ఇంటికి వెళ్లేవారు పెరుగుతారని చూపింది.

కోపెన్‌హాగన్‌లో విజయానికి కొలమానం రోగి బ్రతకడమే. బోల్టన్ అనంతర పరిశోధనలు మరో కొలమానాన్ని చేర్చాయి: బ్రతికిన వ్యక్తి నడవగలగాలి, ఆలోచించగలగాలి. ఐ.సి.యు. చరిత్రను మరణాల సంఖ్యతోనే రాస్తే ఈ రెండో అధ్యాయం మరుగున పడిపోతుంది.