పాత నకలు చూసి కొట్టివేసే లేఖకుడు

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకొన్నప్పుడల్లా మనం ఆయన మందుల జాబితా దగ్గరే ఆగిపోతాము. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. మనలాగే ఆ ఆమ్లాన్ని తానుగా చేసుకోలేక ఆహారంలో వెతుక్కొనే ఏకకణజీవి ఒకటుంది, టెట్రాహైమినా. నేను చెప్పబోయేది దాని కథ.

ఈ జీవికి రెండు కేంద్రకాలు. చిన్నది వంశం కోసం దాచిన మూలధనం. అందులోని జన్యువులు మామూలు రోజుల్లో మౌనంగా ఉంటాయి. బ్రతుకు నడిపేది పెద్దది. రెండు కణాలు జతకట్టినప్పుడు పాత పెద్ద కేంద్రకం నశిస్తుంది, చిన్నదాని నకలు నుంచి కొత్తది తయారవుతుంది. ఆ తయారీలో కొంత డీఎన్‌ఏ మాయమవుతుందని 1974లో మెంగ్-చావో యావ్, మార్టిన్ గొరోవ్‌స్కీ చూపారు. 2016 నాటికి లెక్క తేలింది: చిన్నదానిలో సుమారు 15.7 కోట్ల అక్షరాలు, పెద్దదానిలో 10.3 కోట్లు. మూడోవంతు చెత్తబుట్ట పాలు!

ఏది చెత్తో ఎవరు చెప్పాలి? అసలు వింత ఇక్కడే ఉంది. తాళపత్రాలకు ప్రతులు వ్రాసిన మన లేఖకులు మాతృకను ఎదుట పెట్టుకొనేవారు. ఈ లేఖకుడు మాత్రం చిరిగిపోనున్న పాత నకలును చూస్తాడు. అందులో లేనిదల్లా కొత్త ప్రతిలోనూ కొట్టివేస్తాడు. 1996లో డగ్లస్ చాకర్, యావ్ ఒక చెత్త ముక్కను పాత పెద్ద కేంద్రకంలో చొప్పించి చూశారు. కొత్త కేంద్రకం దానిని కోయడం చాలావరకు మానేసింది! ఈ పోలిక చూసే దూతలు చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలని 2002లో మొచిజుకి, గొరోవ్‌స్కీ బృందం ప్రతిపాదించింది.

కోసే కత్తి మరీ తమాషా. ఒకప్పుడు జన్యుసంపదలో చొరబడి చోట్లు మారుతూ తిరిగిన పరాన్నజన్యువు నుంచే అది వచ్చింది. దొంగనే కాపలా పెట్టుకొన్నట్లుంది.

మన పంటకాలువ నీటిలో ఎండుగడ్డి నానబెట్టి బడిపిల్లలు సూక్ష్మదర్శినిలో చూసే పారమీసియం కూడా ఈ బాపతే. ఇది సుమారు 45,000 ముక్కలను కోస్తుంది. వీటిలో రెండు జతరకాలున్నాయని 1937లో సోన్‌బోర్న్ కనుగొన్నాడు. ఒక జాతిలో పిల్ల రకం తల్లి కణం రకాన్నే అనుసరించడం చాలాకాలం చిక్కుముడిగా మిగిలింది. 2014లో అది విడింది. ఒక రకంలో ఒక జన్యువు మొదలు భాగాన్ని చెత్తగా కోసివేస్తారు. తల్లి కోసింది గనుక పిల్లా కోస్తుంది. దాచిన మాతృకలో మాత్రం ఇద్దరికీ ఆ జన్యువు నిండుగానే ఉంటుంది.