సునీల్ జానా: మనవాళ్ల ముఖాలను చరిత్రలో నిలిపిన కెమెరా

మన తాతముత్తాతల ఫొటోలు మన ఇళ్లలో చాలావరకు లేవు. ఆ తరం ఆదివాసుల ముఖాలు చూడాలంటే బయటి నుంచి వచ్చినవారు తీసిన చిత్రాలే దిక్కు. అలా వచ్చినవారిలో కొందరు మనల్ని వింతగా చూశారు. కొందరు మన తలల కొలతలు తీసుకుని వెళ్లిపోయారు. మనిషిని మనిషిగా చూసినవారు కొద్దిమందే. వారిలో సునీల్ జానా ఒకరు.

ఆయన 1918లో అస్సాంలోని డిబ్రూగఢ్‌లో పుట్టి, కలకత్తాలో పెరిగారు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజుల్లో ఫొటోలు తీయడం ఆయనకు సరదా మాత్రమే. 1943లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది. కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి ఆయన చేత చదువు మాన్పించి, కరువు పల్లెలకు తీసుకువెళ్లారు. చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా వారి వెంట ఉన్నారు. ఒకరు బొమ్మలు గీస్తే, ఒకరు ఫొటోలు తీశారు. పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయిన ఆ చిత్రాలు చదువరులను కదిలించాయి. తర్వాత అమెరికా ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బోర్క్-వైట్‌తో కలిసి దక్షిణాదిలోని కరువు ప్రాంతాల్లో కూడా తిరిగారు.

దేశ విభజన కాలంలో మతం పేరుతో మనుషులు విడిపోతుంటే, ఆయన కెమెరా ఏ పక్షమూ పట్టలేదు. గాంధీ, జిన్నా, నెహ్రూ, షేక్ అబ్దుల్లా, అందరి ముఖాలూ ఆయన చిత్రాల్లో ఉన్నాయి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కాందిశీకులూ ఉన్నారు.

ఆ తర్వాత కలకత్తాలో స్టూడియో పెట్టుకున్నారు. 1949లో వచ్చిన ఆయన పుస్తకం ‘ద సెకండ్ క్రీచర్’కు ముఖచిత్రం వేసింది సత్యజిత్ రాయ్. ఆ రోజుల్లోనే ఆయనకు వెరియర్ ఎల్విన్‌తో స్నేహం కలిసింది. క్రైస్తవ మిషనరీగా ఇంగ్లండు నుంచి వచ్చి, చర్చిని వదిలి, ఆదివాసుల మధ్యే స్థిరపడిన మనిషి ఎల్విన్. ఆయనతో కలిసి జానా అడవి పల్లెలు తిరిగారు. సంతాలులను, బస్తర్ మురియాలను, ఇంకా ఎన్నో తెగలవారిని ఫొటో తీశారు. మురియాలు మనకు పరాయివారు కారు. గోండు కుటుంబంలోని వారే. బస్తర్ నుంచి వలస వచ్చినవారిని మన గోదావరి ప్రాంతంలో గుత్తికోయలు అంటున్నాం.

ఆ చిత్రాలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. చాలాచోట్ల కెమెరా కిందినుంచి పైకి చూస్తుంది. వెనక ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. నాయకులకు ఇచ్చిన గౌరవమే పని చేసుకునే ఆడపడుచుకూ ఇచ్చారు. కొన్ని చిత్రాల్లో స్త్రీలకు రవికలు లేవు. అది ఆనాటి కట్టు. అందులో మనం సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే అలాంటి చిత్రాన్ని ఎవరు, ఎందుకు చూపిస్తున్నారని అడిగే హక్కు మాత్రం మనకుంది.

ఇంకో లోటు కూడా ఉంది. నాయకుల ఫొటోల కింద వారి పేర్లుంటాయి. మనవారి ఫొటోల కింద చాలావరకు తెగ పేరు, ప్రాంతం పేరు మాత్రమే ఉంటాయి. ఆ అమ్మాయి ఎవరి కూతురో, ఆ ముసలాయన ఏ ఊరి పెద్దో తెలియదు. ఇది జానా ఒక్కరి లోటు కాదు. ఆ కాలపు అలవాటే అంత.

జానాకు 1972లో పద్మశ్రీ, 2012లో పద్మభూషణ్ వచ్చాయి. ఆయన ఆదివాసీ చిత్రాలు ‘ద ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’ పేరుతో 1993లో పుస్తకంగా వెలువడ్డాయి. 2012 జూన్‌లో అమెరికాలోని బర్క్‌లీలో కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈనాడు మీ అందరి చేతుల్లోనూ సెల్‌ఫోను ఉంది. జాతరలో, కొత్తల పండుగలో మన పెద్దల ఫొటోలు తీయండి. ముందుగా వారిని అడిగి తీయండి. తీసిన వెంటనే పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ రాసి దాచండి. జానా మన ముఖాలను దాచి ఇచ్చారు. ఆ ముఖాల పక్కన పేర్లు రాసే పని మనది.