శ్రీకాకుళ విజయనగరముల యెల్లలు – వాని ఫలితములు

జిల్లాల యెల్లలు పటముమీది గీతలు మాత్రమేయని పలువురు తలంతురు. కాని రైతు వ్యాజ్యము విన్నవించుకొను కచేరికిని, బిడ్డలను జదివించు కళాశాలకును బోవు త్రోవను ఆ గీతలే నిర్ణయించుచుండును. ఇందులకు మన సీమయే నిదర్శనము.

1936 ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పూర్వపు గంజాము జిల్లా చీలినది. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు బోయెను. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో జేరెను. పర్లాకిమిడి సంస్థానాధీశులు వేయింపగా 1900 లో ప్రారంభమైన చిన్న రైలుమార్గమునకు మొదలైన నౌపడ యొక రాష్ట్రమునను, పర్లాకిమిడి వేరొక రాష్ట్రమునను బడినవి. వంశధారకును అదే గతి పట్టినది. 1962 లో నీటిని సమముగా బంచుకొనుటకు ఉభయ రాష్ట్రములు నొడంబడినను, నేరడి యానకట్ట వివాదము తెగక 2010 లో న్యాయాధికరణము నేర్పరుపవలసివచ్చెను.

1950 ఆగస్టు 15వ తేదీని శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. అయినను సాలూరు, బొబ్బిలి వారు చేరువనున్న విజయనగరమును విడిచి, దూరమందలి శ్రీకాకుళమునకే పోవలసియుండెను. 1979 జూన్ 1వ తేదీని విజయనగరము జిల్లా వెలసినపిదప ఆ శ్రమ తీరినది. 2022 ఏప్రిల్ 4వ తేదీని పార్వతీపురము మన్యము జిల్లా యేర్పడగా పాలకొండ యందు జేరెను. వర్తకమునకు బేరుగన్న రాజాము విజయనగరము జిల్లాకు బోయెను.

కచేరి యున్నచోట వైద్యశాలలును విద్యాలయములును, వాని ననుసరించి యంగళ్లును వెలయును. ఇది నిజమైన లాభమే. కాని క్రొత్త కచేరి వెలసినంతమాత్రమున పొలమునకు నీరు పారదు. పొందూరు నేతగాని కూలి పెరుగదు. ఉద్దానపు యువకుని వలస యాగదు. ఎల్ల మారినను ఏరు మారదు, సంత మారదు. యెల్లకు రెండువైపుల వారును గలసి పనిచేయుదురేని యభివృద్ధి, లేకున్న చిక్కులే.

మన కులబాంధవులును నేడు శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము మన్యము జిల్లాలయందును, పర్లాకిమిడి కేంద్రముగా గల ఒడిశాలోని గజపతి జిల్లాయందును జీవించుచున్నారు. జిల్లాకొక శాఖ యుండుట పనికి సౌకర్యమే. కాని విద్యానిధిని గూడ జిల్లాలవారిగా బంచినచో, దాతలు తక్కువగానున్న మన్యపు శాఖ బిడ్డలకే తొలుత నష్టము గలుగును. కావున శాఖలు పలువైనను నిధి యొక్కటిగానే యుండవలయును. వసతిగృహమునకు వచ్చిన పేదవిద్యార్థిని “నీది యే జిల్లా?” యని యడుగక, “ఏమి చదువుచున్నావు నాయనా?” యని యడుగుట మన ధర్మము. దాతలును సభ్యులును ఈ సభయందే దీనిని నిశ్చయింతురుగాక!