పక్క గదిలో డొరతీ

విలియం కేరీ పేరు చెప్తే నాకు గుర్తొచ్చేది 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన తెలుగు వ్యాకరణం. మొన్న దాని స్కాన్ కాపీ తిరగేస్తుంటే, ఈ మనిషి ఇంట్లో ఇంకెవరుండేవారా అనిపించింది. వెతికితే అతని భార్య డొరతీ కనిపించింది.

1793లో మిషనరీగా ఇండియా వెళ్దామని కేరీ అంటే ఆమె రానంది. అప్పుడామె గర్భిణి. పెళ్ళినాటికి సంతకం పెట్టడం కూడా రాని మనిషి. అతను పెద్దకొడుకు ఫెలిక్స్‌ని తీసుకుని బయల్దేరాడు. తీరా ఓడ ఎక్కడం కుదరక, వెనక్కొచ్చి మళ్ళీ అడిగాడు. చెల్లెలు కిట్టీ తోడొస్తేనే వస్తానంది. చేతిలో వారాల పసిబిడ్డతో ఓడెక్కింది.

బెంగాల్ చేరిన మరుసటేడు, 1794లో, ఐదేళ్ళ పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత డొరతీ మనసు చెదిరింది. భర్తని అనుమానించేది, కేకలేసేది. ఆమెని గదిలో పెట్టి కాపలా కాయాల్సి వచ్చింది. పక్క గదిలో అనువాదం మాత్రం ఆగలేదు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. 1807లో ఆమె పోయింది.

కేరీ దుర్మార్గుడని అనను. చివరిదాకా ఆమెని ఇంట్లోనే ఉంచుకున్నాడు. బిడ్డని ఇద్దరూ పోగొట్టుకున్నారు. కాకపోతే, మునిగిపోడానికి అతనికో పని ఉంది. ఆమెకి అదీ లేదు. దేవుడి పిలుపు విన్నది అతను. దేశం వదిలింది ఇద్దరూ. కేరీ పుస్తకాల గురించి రాసేటప్పుడు ఆ గది గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి కదా?