ఒప్పుకో, లేదా తప్పుకో

2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్ వయసు ఐదేళ్ళు. ప్రకటనల జోలికి పోబోమని వ్యవస్థాపకులు జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ చెబుతుండేవారు. ఎస్సెమ్మెస్‌కు పైసలు లెక్కపెట్టుకునే మన దేశానికి అది వ్యాపారసంస్థగా కాక ఉపకారిగా కనిపించింది.

2016 ఆగస్టులో ఆ నమ్మకం బీటలువారింది. వినియోగదారుల ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్‌తో పంచుకుంటామన్న సంస్థ, కొంత సమాచారానికి మాత్రం అభ్యంతరం తెలిపేందుకు 30 రోజుల గడువిచ్చింది. ఇద్దరు విద్యార్థులు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. 2021 జనవరి నాటికి ఆ పాటి వెసులుబాటూ పోయింది. కొత్త షరతులను ఫిబ్రవరి 8లోగా అంగీకరించవలసిందే. ఆగ్రహించిన జనం సిగ్నల్ వైపు మళ్ళారు (దానికి 5 కోట్ల డాలర్లు సమకూర్చినవాడు, ఫేస్‌బుక్‌ను వీడి వచ్చిన ఆక్టనే!). షరతులు ఉపసంహరించుకోవాలని కేంద్రం లేఖ రాసింది. గడువు మే 15కు జరిగింది, షరతులు జరగలేదు.

వయసుతోపాటు ఇలాంటి సంస్థలు ప్రజాభిమానాన్ని పోగొట్టుకుంటాయంటారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. బంధువులు, కార్యాలయం, పాలవాడు, పార్టీ శాఖ అన్నీ ఒకేచోట చేరాక ఆ అభిమానంతో సంస్థకు పని తీరిపోతుంది. కోపం వచ్చినవారు సిగ్నల్‌ను దింపుకున్నారు గాని, వాట్సాప్‌ను తీసివేసినవారు నా పరిచయస్థుల్లో బహు కొద్దిమంది.

2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ మెటాపై 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఒప్పుకో, లేదా తప్పుకో అన్న పద్ధతిలో షరతు రుద్దడమే అందులో ప్రధానాభియోగం.