టికెట్టు డబ్బు, హైస్కూలు ఖర్చు: లగూనా బీచ్ కళోత్సవం ఒక పరిశీలన

ఊరి కళాసంస్థ ఊరి హైస్కూలుకు సాయం చేసిందంటే ఎంత ఇచ్చిందన్నదే వార్త అవుతుంది. ఆ సొమ్ము ఏ పద్దులో పడింది, వచ్చే ఏడు కూడా వస్తుందని బడి నమ్ముకోవచ్చా అన్న సంగతి ఎవరికీ పట్టదు. దక్షిణ కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌ను తీసుకుని ఆ సంగతే ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇలాంటి సంస్థలు విద్యార్థికి గట్టి ఆసరా కాగలవు గాని, బడి నిత్య ఖర్చును, అందులోనూ టీచరు జీతాన్ని, మోయలేవన్నది నా వాదన.

1932లో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌కు వచ్చే జనాన్ని తమ వైపు తిప్పుకుని నాలుగు బొమ్మలు అమ్ముకుందామని లగూనా చిత్రకారులు మొదలుపెట్టిందే ఫెస్టివల్ ఆఫ్ ఆర్ట్స్. మరుసటి ఏడు దానికి సజీవ చిత్రాల ప్రదర్శన తోడైంది. అదే తర్వాత పేజంట్ ఆఫ్ ది మాస్టర్స్‌గా పేరు తెచ్చుకుంది. పేరున్న వర్ణచిత్రాల్లోని మనుషుల స్థానంలో నిజం మనుషులు నిలబడతారు. ఇర్విన్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలం మీద ఒక్కో చిత్రం దాదాపు తొంభై సెకన్లు, అంతసేపూ కదలకూడదు. మొహం మీద పడాల్సిన నీడల్ని కూడా రంగుతోనే దిద్దుతారు. పైన లైటు పడగానే మనిషిలోని లోతు చెరిగిపోయి, ప్రేక్షకుడికి కాన్వాసు మీది బొమ్మే కనిపిస్తుంది. ఆనవాయితీగా ఆఖరి అంశం లియొనార్డో 'లాస్ట్ సప్పర్'. సాంకేతిక సిబ్బంది, వాద్యబృందం సంగతి వేరు గాని, అలా నిలబడేవాళ్ళు పైసా తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్ళలో పిల్లలూ ఉంటారు. అంటే సంస్థ స్కాలర్‌షిప్పుగా ఇచ్చే సొమ్ము వెనుక ఆ చుట్టుపక్కల జనం జీతం లేని శ్రమ కూడా ఉంది. ఆదాయ వ్యయాల పట్టికలో ఈ శ్రమకు వరస ఉండదు.

టికెట్ల ఆదాయంలోంచి ముందు ప్రదర్శన ఖర్చులు పోవాలి, ఆ స్థలానికి నగరపాలక సంస్థకు అద్దె కట్టాలి. 2000 ప్రాంతంలో ఈ అద్దె తగవు ముదిరి, ఉత్సవాన్ని శాన్ క్లెమెంటేకు తరలించే ఆలోచన దాకా పోయింది. సభ్యులు తిరగబడి బోర్డునే దింపేశాక గాని ఊరితో కొత్త లీజు కుదరలేదు. ఈ ఖర్చులు పోయాక, స్థానిక హైస్కూలు చదువు ముగించి పైచదువుల్లో కళల వైపు వెళ్ళేవారికి సంస్థ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. అవి అందేది బడి దాటి వెళ్ళే విద్యార్థికి. బడిలో సంగీతం టీచరు ఉన్నారా లేదా అన్నదానితో వాటికి సంబంధం లేదు.

ఆ టీచరు ఎందుకు లేకుండా పోతారో తెలియాలంటే రాష్ట్ర చట్టాల్లోకి వెళ్ళాలి. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 ఆస్తిపన్నును మదింపు విలువలో ఒక శాతానికి కట్టేసింది. బడుల రాబడి తగ్గింది, కళలు మొదట కోతకు గురయ్యాయి. శాంటా బార్బరా హైస్కూలు డిస్ట్రిక్టు నాటకం, సంగీతం, ఆటల్లో చేరే పిల్లల దగ్గర ఒక్కోదానికి 25 డాలర్ల చొప్పున ఫీజు పెట్టింది. పేదలకు మినహాయింపూ ఇచ్చింది. అయినా 1984లో హార్ట్‌జెల్ వర్సెస్ కానెల్ తీర్పులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఫీజు చెల్లదంది: ఇవీ ఉచిత విద్యలో భాగమే, పేదరికం రుజువు చేసుకుంటేనే ఉచితం అనడం ఉచితం కాదు. తీర్పు సరైనదే. కానీ ఖాళీ అయిన పెట్టె అలాగే మిగిలింది. దాన్ని నింపే పని చందాల మీద, వాటిని పోగుచేసే తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బుల మీద పడింది. బే ఏరియాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఏడాది మొదట్లో వచ్చే 'స్వచ్ఛంద విరాళం' ఉత్తరాలు కొత్తేమీ కాదు. అందులో స్వచ్ఛందం ఎంతో వాళ్ళనే అడగాలి. బడి కార్యక్రమాలకు పిల్లల దగ్గర ఫీజు తీసుకోకూడదని 2012లో చట్టసభ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

చందా సొమ్ముకు పన్ను చట్టం మరో కంచె వేసింది. చందాలు పోగుచేసిన తల్లిదండ్రుల ఖాతాకే ఆ లాభం జమచేసిన ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్బుకు పన్ను మినహాయింపు రద్దయింది. 2013లో అమెరికా టాక్స్ కోర్టు ఆ రద్దునే సమర్థించింది. నా బిడ్డ కోసం నేను తెచ్చాను అనే లెక్క ధర్మసంస్థకు పనికిరాదు.

2022 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 28ను ఈ నేపథ్యంలో చదవాలి. దాని ప్రకారం ఏటా, ప్రభుత్వ పాఠశాలలకు అంతకుముందు ఏడాది హామీగా దక్కిన నిధుల్లో ఒక శాతానికి సమానమైన మొత్తం కళలకు అదనంగా కేటాయించాలి. 500 మంది విద్యార్థులు, ఆపైన ఉన్న డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతం సిబ్బంది మీదే ఖర్చుపెట్టాలి. నా దృష్టిలో ఈ 80 శాతం నిబంధనే కీలకం. విరాళం వాద్యాలు కొనిపెడుతుంది, ఒక నాటకం వేయిస్తుంది. పింఛను హక్కుతో సహా పాతికేళ్ళు పనిచేసే టీచరుకు అది పూచీ పడలేదు. 2020లో కొవిడ్ వల్ల పేజంట్ రద్దయింది. జీతాలు ఆ టికెట్ల మీదే ఆధారపడి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పంపకం సంగతి కూడా చూడాలి. లగూనా బీచ్ స్కూలు డిస్ట్రిక్టుకు ఆస్తిపన్ను రాబడి రాష్ట్ర సూత్రం ప్రకారం రావలసినదానికన్నా ఎక్కువే. ఆ మిగులూ దానిదే. అలాంటి ఊరికే ఇంత పేరున్న ఉత్సవమూ ఉంది. ప్రపోజిషన్ 28 నిధుల్లో 70 శాతం విద్యార్థుల సంఖ్యను బట్టి, 30 శాతం పేద విద్యార్థుల సంఖ్యను బట్టి పంచుతారు. తన ఊరి కోసం పుట్టిన కళాసంస్థను ఈ రెండో లెక్క వేయమని అడగలేం. అది రాష్ట్ర ఖజానా చేయాల్సిన పని.